అరలు వద్దు, కుప్పే ముద్దు

అల్మరాకి అరలు పెట్టిన మహానుభావుడు ఎవరోగానీ, ఆయన ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ జ్వరం వచ్చి ఉండదు.

నేను చెప్పేది శ్రద్ధగా వినండి. అరలు, సొరుగులు, డబ్బాలో డబ్బా, కంప్యూటర్లో ఫోల్డరు, ఆ ఫోల్డర్లో ఇంకో ఫోల్డరు – ఇవన్నీ మనిషి మనశ్శాంతికి పట్టిన చెదలు. దులిపేయండి! ఉన్నదంతా ఒకే కుప్పగా పోసేయండి. పోసి, కాళ్లు చాపుకుని హాయిగా కూర్చోండి.

ఈవిడకి మతి పోయిందని అనుకుంటున్నారు కదూ? అనుకోండి. ఈ మాట మొదట మా అమ్మాయి అన్నప్పుడు దాని గురించి నేనూ అలాగే అనుకున్నాను. ఎండలో తిరిగొచ్చిందేమోనని నుదురు పట్టుకుని చూశాను కూడా.

నా సంగతి కాస్త చెప్పాలి. నా చదువు పదో తరగతి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. భయపడటంలో మాత్రం నేను చదవని చదువు లేదు. ఇంట్లో ఫోను మోగితే, ఆస్పత్రి నుంచేమో అనుకుంటాను. మోగకపోతే, మోగించే ఓపిక కూడా లేకుండా పడి ఉన్నారేమో అనుకుంటాను. కుక్కరు కూత వేస్తే పేలుతుందని భయం, వేయకపోతే లోలోపల ఏం కుట్ర పన్నుతోందోనని భయం.

ఇలాంటి నాకు దేవుడు ఎలాంటి మనుషుల్ని ఇచ్చాడో చూడండి. మావారు లిఫ్టు మెకానిక్కు. జనమంతా లిఫ్టు లోపల నిలబడితే ఈయన దాని నెత్తిన నిలబడతారు. మా అత్తగారికి షుగరు. అది ఆవిడకి తప్ప అందరికీ గుర్తుంటుంది. మా అమ్మాయి లైబ్రరీలో పాత పుస్తకాలను కంప్యూటర్‌కి ఎక్కించే ఉద్యోగం చేస్తుంది. ఉన్నంతలో ప్రమాదం లేని పని అదొక్కటే. అక్కడ కూడా పుస్తకాల బీరువా మీద పడితే?

ఈ ముగ్గురికీ ఏమీ కాకూడదు. అయ్యేలా ఉంటే నాకు ముందు తెలియాలి. ఇంతకంటే నేనీ లోకాన్ని ఏమీ అడగలేదు.

అందుకే ఇంట్లో కంప్యూటరు బాధ్యత నేను పుచ్చుకున్నాను. మా ముందుగదిలో ఒక పాత కంప్యూటరు ఉంది. అందరి ఫోన్లలో తీసిన ఫొటోలు, మందుల చీటీలు, కరెంటు బిల్లులు అన్నీ వచ్చి అందులో పడేవి. వాటిని నేను ఒక పద్ధతిగా సర్దేదాన్ని. ఎలాంటి పద్ధతనుకున్నారు! "ఇల్లు" అని ఒక ఫోల్డరు. అందులో "మనుషులు". మనుషుల్లో "ఆయన". ఆయనలో "ఒళ్లు". ఒంట్లో మళ్లీ రెండు, "నడుము పైన" అని ఒకటి, "నడుము కింద" అని ఒకటి.

ఒకరోజు మావారికి నడుమే పట్టేసింది!

ఆ మందుల చీటీ ఎక్కడ పెట్టాలి, మీరే చెప్పండి? పైన పెడితే కింది భాగం ఏమైపోవాలి? కింద పెడితే పైభాగానికి ఎవరు దిక్కు? మధ్యాహ్నమంతా ఆ చీటీ పట్టుకుని కూర్చున్నాను. సాయంత్రానికి ఆయన నడుము సర్దుకుంది, నాది పట్టేసింది.

ఇంకోసారి పక్కింటి పిల్లి మావారి చెయ్యి గీరింది. ఆ ఫొటో "ఆయన"లో పెట్టాలా, "గాయాలు"లో పెట్టాలా, "జంతువులు"లో పెట్టాలా, "పక్కింటివాళ్లు"లో పెట్టాలా? ఏమైనా కానీ అని అన్నిట్లోనూ ఒక్కొక్కటి పెట్టేశాను. కొన్నాళ్లకి ఏదో వెతుకుతూ వరసగా అవన్నీ తెరిచి చూశాను. మర్చిపోయాను కదా! ఎక్కడ చూసినా ఆయన చెయ్యే, ఎక్కడ చూసినా రక్తమే. ఆ పిల్లి పగబట్టి దారి కాచి మరీ గీరుతోందని పక్కింటికి గొడవకి బయల్దేరాను. గుమ్మంలో మావారు అడ్డం పడి చెయ్యి చూపించబట్టి ఆగాను.

ఇక "ఇతరములు" అని ఒకటుంది. ఎక్కడా ఇమడని వాటికోసం పెట్టాను. అది పెరిగి పెరిగి ఇంటికంటే పెద్దదైంది. అప్పుడు దాని పక్కన "ఇతరములు కొత్తవి" పెట్టాను. ఆ తర్వాత "ఇతరములు అసలైనవి". "ముఖ్యమైనవి" అని కూడా ఒకటి పెట్టాను కానీ, నాకు ముఖ్యం కానిది ఏముంటుంది? సగం ఇల్లు అందులోకి వెళ్లింది. కాబట్టి "అతి ముఖ్యమైనవి". అందులో మళ్లీ "ఇవి పోతే అంతే".

నేను దాన్ని పద్ధతి అనుకున్నాను. మా అమ్మాయి ఒక సెలవురోజు వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని, కాసేపటికి తల పట్టుకుంది.

"ఏంటమ్మా ఇది? ఫోల్డర్ తెరిస్తే ఫోల్డరు, అది తెరిస్తే ఇంకో ఫోల్డరు. ఉల్లిపాయ ఒలుస్తున్నట్టుంది. లోపల ఏం లేదు, కళ్లల్లో నీళ్లు తప్ప."

"పద్ధతిగా ఉంటే దొరుకుతుందే."

"నీకు దొరుకుతుంది. మా సంగతేంటి? మొన్న నాన్న కళ్లజోడు చీటీ ఎక్కడుందంటే ఏమన్నావ్? మనుషుల్లో, ఆయనలో, ఒంట్లో, నడుము పైన, మెడ పైన అన్నావ్. ఆయన మెడ దాకా వెళ్లి దారి తప్పి వెనక్కొచ్చేశారు."

"ఎవరి మెడ దాకా వాళ్లకి తెలియాలి మరి!"

"అది కాదమ్మా. ఒక వస్తువుకి ఒకే చోటెందుకు? నిన్నే చూడు. నాకు అమ్మవి. నానమ్మకి కోడలివి. నాన్నకి హెడ్‌మాస్టరువి. నిన్ను ఏ అరలో పెట్టాలి?"

"నన్ను అరలో పెట్టడమేంటే, అప్పుడే!" అని నేను కంగారు పడ్డాను. అర అనగానే నాకు ఆస్పత్రివాళ్లు చివర్లో పెట్టే అరలు గుర్తొచ్చాయి.

అప్పుడు అది నాకు విడమరిచి చెప్పింది. ఫోల్డర్లన్నీ విప్పేసి, వస్తువులన్నీ ఒకే కుప్పలో పడేస్తారట. ఒక్కోదానికీ ఎన్ని కావాలంటే అన్ని చీటీలు కడతారట. వాటిని ట్యాగులంటారట. పిల్లి గీరిన ఫొటో ఒక్కటే ఉంటుంది. దానికి "నాన్న", "గాయం", "పిల్లి", "పక్కిల్లు" అని చీటీలు. పైన ఒక వెతుకుపెట్టె ఉంటుంది. అందులో ఏ చీటీ పేరు కొట్టినా ఆ ఫొటోయే లేచి వస్తుంది. దారి గుర్తుపెట్టుకోనక్కర్లేదు. పేరు పెట్టి పిలిస్తే చాలు!

"మా లైబ్రరీలో పుస్తకాలకే ఇలా చేస్తున్నాం. ఒక్కటే నియమం, చీటీ లేని వస్తువు పోయినదానితో సమానం. ఏదైనా సరే, ఉన్నదున్నట్టు రాసి కట్టాలి" అంది.

ఆ సెలవురోజునే కూర్చుని నా ఫోల్డర్లన్నీ ఊడ్చిపారేసింది. మావారు పక్కన నిలబడి ఆనందంగా చూశారు. నేను చీరకొంగు నోట్లో కుక్కుకుని చూశాను. అత్తగారి షుగరు రిపోర్టు, పక్కింటి పిల్లి ఒకే చోటా! ఆ పిల్లి రిపోర్టుని కూడా గీరితే?

పాఠకులారా, నేను పొరపడ్డాను. ఆ కుప్ప నా బతుకునే మార్చేసింది!

మొదటి లాభం, చీటీలకి లెక్క లేకపోవడం. ఫోల్డరుకి పేరు పెట్టాలంటే పొదుపుగా పెట్టాలి. చీటీలకి ఆ బెంగ లేదు. మావారు స్కూటరు మీద ఉన్న ఫొటోకి నేను కట్టిన చీటీలు వినండి. "ఆయన". "స్కూటరు". "హెల్మెట్ లేదు". "అడిగితే దగ్గరకే కదా అంటారు". "దగ్గర్లో లారీలు ఉండవా". ఒక్క ఫొటోకి ఇన్నేళ్ల కాపురం కట్టేశాను. ఏ అల్మరా ఇస్తుందండీ ఇంత స్వేచ్ఛ?

ఉత్సాహం పట్టలేక బట్టల బీరువాకీ ఇదే వైద్యం చేశాను. బట్టలన్నీ మంచం మీద కుప్ప పోసి, గుడ్డపేలికలతో చీటీలు కట్టాను. మావారు డ్యూటీకి వెళ్తూ ఆ కుప్ప ముందు నిలబడి, "సాక్సు!" అని గట్టిగా పిలిచారు. కుప్ప పలకలేదు. అత్తగారు మాత్రం అది మెత్తగా ఉందని దాని మీదే నడుం వాల్చారు. ఆ పూట ఆయన ఉత్త కాళ్లతో బూట్లు తొడుక్కుని వెళ్లారు. కొత్త పద్ధతికి అలవాటు పడాలంటే ఆమాత్రం బొబ్బలు తప్పవు.

కానీ అసలైన లాభం ఇది కాదు. అసలైన లాభం వెతుకుపెట్టె ఇచ్చే జవాబు.

ఒకరోజు ఊరికే, చెయ్యి ఊరుకోక, అందులో "పడిపోవడం" అని కొట్టాను. అది ఒక్క క్షణం ఆలోచించింది. నా గుండె ఆగింది. అప్పుడు తెర మీద ఇలా వచ్చింది: "మీరు వెతికినది ఏదీ దొరకలేదు."

ఆహా! ఆ వాక్యంలో ఎంత చల్లదనం ఉందో మీకు అర్థమవుతోందా? ఇంత సూటిగా నాకు ఎవరు చెప్పారు ఇన్నేళ్లలో? డాక్టరుని అడిగితే "ప్రస్తుతానికి ఏం లేదమ్మా" అంటాడు. ఆ "ప్రస్తుతానికి"లో ఎన్ని ఆస్పత్రులున్నాయో ఆయనకేం తెలుసు! మావారిని అడిగితే "నాకేంటే, గుండ్రాయిలా ఉన్నా" అంటారు. గుండ్రాళ్లు దొర్లి కింద పడవా? అత్తగారిని అడిగితే "నేనెన్నాళ్లుంటాలే అమ్మాయ్" అంటారు. అడగకపోయినా అదే అంటారు.

పెట్టె అలా కాదు. దొరకలేదంటే దొరకలేదే!

అప్పట్నించీ రోజూ పొద్దున్న టీ కప్పు పట్టుకుని కూర్చునేదాన్ని. "కాలిపోవడం" – దొరకలేదు. "మునిగిపోవడం" – దొరకలేదు. "విరగడం" అంటే ఒకటి దొరికింది. ఒళ్లు చెమటలు పట్టి తెరిచి చూస్తే, మా కుర్చీ కాలు! ఎంత సంతోషం వేసిందో, కుర్చీకి దండం పెట్టాను. "తప్పిపోవడం" అంటే పక్కింటి పిల్లి వచ్చింది. పోనీ, దాని పీడ విరగడైంది అనుకున్నాను. తర్వాత అది ఇంటికొచ్చేసిందట. "దొంగలు" అంటే అత్తగారి ఫొటో వచ్చింది. ఆ చీటీ ఎవరు కట్టారో నేను విచారించలేదు.

ఈ సుఖం నేనొక్కదాన్నే అనుభవించడం న్యాయమా? పై వాటాలో ఉండే టైలరమ్మకి చెప్పాను. ఆవిడా నా జాతే. వెంటనే దిగొచ్చింది. నా పక్కన కూర్చుని తన భయాలన్నీ ఒక్కొక్కటే కొట్టించింది. మా కుప్పలో ఆవిడ ఇంటి సామాను ఏదీ లేదు కాబట్టి, ఆవిడకి ఒక్క కష్టం కూడా దొరకలేదు. "మా ఇంట్లో అంతా బాగున్నట్టే కదా వదినా!" అని కళ్లు తుడుచుకుంటూ వెళ్లింది. శాస్త్రీయంగా అది ఎంతవరకు సరైనదో నాకు తెలియదు. ఆవిడ ఆ వారమంతా నా జాకెట్లు మాత్రం చెప్పిన రోజుకే కుట్టిచ్చింది.

ఇంత ప్రశాంతంగా ఉన్నదాన్ని, నేనే చెయ్యి పెట్టి చెడగొట్టుకున్నాను.

మా వీధిలో ఆడవాళ్లకి కుట్టుపని నేర్పే బడి ఒకటి పెట్టారు. నేను చేరాను. గోడ మీద పెట్టడానికి అందరి ఫొటోలూ తెమ్మన్నారు. నా ఫొటో కోసం వెతుకుపెట్టెలో "అమ్మ" అని కొట్టాను. దానికొక అలవాటుంది. మనం పూర్తిగా రాసేలోపే, ఆ అక్షరాలతో మొదలయ్యే చీటీలన్నీ కింద వరసగా చూపిస్తుంది.

"అమ్మ". "అమ్మ కళ్లజోడు". "అమ్మ పుట్టినరోజు".

ఆ కింద, "అమ్మకి చెప్పొద్దు".

నేను కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకున్నాను. అది అలాగే ఉంది. కంప్యూటరు తెర కూడా తుడిచాను. చెక్కుచెదరలేదు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆయన దగ్గర వెతుకుపెట్టె లేదు కాబట్టి!

ఎంత తెలివితక్కువ పని, అంటారా? దాచుకునేవాళ్లు దాచే వస్తువు మీద నా పేరే రాసి, నేను రోజూ కూర్చునే కంప్యూటర్లోనే పెడతారా అంటారా? మా ఇంట్లోవాళ్లే పెడతారు! ఏదైనా ఉన్నదున్నట్టు రాసి కట్టాలని మా అమ్మాయి నియమం. అది ఆ నియమం నాకు చెప్పినట్టే వాళ్ల నాన్నకీ నానమ్మకీ చెప్పింది. ఎవరి ఫోన్లో తీసినా ఫొటో వచ్చి అందరి కుప్పలోనే పడుతుంది. ఆ చీటీ భోజనాల దగ్గర ఎవరూ నోరు జారకుండా ఒకరికొకరు చేసుకున్న హెచ్చరిక. పైగా నేను వెతికేవన్నీ కాలడాలు, మునగడాలు అని వాళ్లకి తెలుసు. నేను "అమ్మ" అని వెతుకుతానని ఎవరనుకుంటారు? నేనే అనుకోలేదు.

తెరిచాను.

మొదటిది మావారు. వంటగదిలో నేల మీద వెల్లకిలా పడి ఉన్నారు. పక్కన స్టూలు కూడా వెల్లకిలా పడి ఉంది. చేతిలో మాత్రం బల్బు పైకెత్తి పట్టుకుని, పోటీలో గెలిచినట్టు నవ్వుతున్నారు. చీటీలు: "నాన్న". "బల్బు". "పగల్లేదు". "అమ్మకి చెప్పొద్దు". ఇంతెత్తు మేడల్లో లిఫ్టు నెత్తినెక్కి తిరిగే మనిషి మా వంటింటి స్టూలు మీంచి పడ్డారు! ఆ వారమంతా చెయ్యి నొక్కుకుంటుంటే ఏమైందని అడిగాను. "ఆ లిఫ్టు తలుపు మహా గట్టిదే" అన్నారు. నేను ఆ తలుపుని ఎన్ని తిట్లు తిట్టానో! ఏ పాపమూ తెలియని తలుపుని!

రెండోది అత్తగారు. తలుపు చాటున, చేతికొక క్రీమ్ బిస్కెట్ చొప్పున పట్టుకుని, మూడోది నోట్లో ఉండగా. చీటీలు: "నానమ్మ". "నవ్వు". "అమ్మకి చెప్పొద్దు". తీసినవాళ్ల నీడ గోడ మీద పడింది. మావారి బట్టతల నీడని నేను గుర్తుపట్టలేనా?

మూడోది చూసి నేను కుర్చీలోంచి లేచాను. మళ్లీ కూర్చున్నాను.

పెద్ద బండరాయి. దానికి బల్లిలా అతుక్కుని ఒక మనిషి. నడుముకి తాడు. నెత్తిన టోపీ. కింద కాలు మోపడానికి చోటు ఉన్నట్టే లేదు. ఆ మనిషి వెనక్కి తిరిగి పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. ఆ పళ్లు నేను తోమిన పళ్లే! చీటీలు: "నేను". "ఆదివారం". "ఎక్కడం". "అమ్మకి చెప్పొద్దు".

ఆదివారం లైబ్రరీలో పని ఎక్కువ ఉంటుందని చెప్పి వెళ్లేది. నేను టిఫిన్ డబ్బా కట్టి, పుస్తకాల బీరువాల కింద నిలబడకు తల్లీ అని జాగ్రత్తలు చెప్పి పంపేదాన్ని! ఒక్క ఆదివారం కాదు, ఎన్నో ఉన్నాయి. ఆదివారం ఆదివారానికీ బండ ఎత్తు పెరుగుతోంది. ఆఖరి ఫొటోలో మనిషే లేదు. ఉత్త కొండ. నిటారుగా, మా అపార్ట్‌మెంటు మీద ఇంకో అపార్ట్‌మెంటు పెట్టినట్టు. దానికి కట్టిన చీటీ: "వచ్చే ఆదివారం".

నేను రోజూ "పడిపోవడం" అని వెతికాను కదా, దొరకలేదంది కదా. "ఎక్కడం" అని వెతకమని నాకెవరు చెప్పారు?

పెట్టెని అని లాభం లేదు. అది అబద్ధం ఆడలేదు, అడిగిన మాటకి జవాబు చెప్పింది. నేను "పడటం" అన్నది ఆయన "బల్బు" అనుకున్నారు. నేను "షుగరు" అన్నది అత్తగారికి "నవ్వు". నా భయాలన్నీ నా ఇంట్లోనే, నా కళ్లెదురుగానే, సంతోషాల పేర్లు పెట్టుకుని తిరుగుతున్నాయి. పిల్లాణ్ణి చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. కాకపోతే నా పిల్ల చంకలో లేదు, కొండ మీద ఉంది.

ఇప్పుడేం చేయాలి? అరవాలా? అరిస్తే ఏమవుతుంది? ఆ చీటీ తీసేస్తారు, రేపట్నించి ఫొటోలు నాకు దొరకని చోట పెడతారు. ఊరుకోవాలా? ఊరుకుంటే ఆదివారం వచ్చేస్తుంది.

ఇక్కడే పాఠకులారా, కుప్ప గొప్పతనం మీకు తెలియాలి. ఫోల్డర్ల కాలమైతే నాకు రెండే దారులు. ఆ ఫొటోలు వాళ్లు దాచిన అరలో ఉంచడం, లేదా నా అరలోకి లాక్కోవడం. ఒకటి చేతకానితనం, ఒకటి యుద్ధం. చీటీల కాలంలో మూడో దారి ఉంది!

ఆ ఫొటోలన్నిటికీ నేను ఇంకో చీటీ కట్టాను: "అమ్మకి తెలుసు".

చూశారా! అదే ఫొటో. ఒక చెవికి "అమ్మకి చెప్పొద్దు", ఇంకో చెవికి "అమ్మకి తెలుసు". ఏ అల్మరా అయినా ఒక వస్తువుని ఒకేసారి ఈ రెండు అరల్లో పెట్టగలదా? ఏ ఇంట్లో చూసినా సగం సంగతులు ఇలా రెండు చీటీలతోనే కదా కాపురం చేస్తున్నాయి!

కట్టేసి, ఏమీ ఎరగనట్టు కూర తరుగుతూ కూర్చున్నాను.

సాయంత్రం అమ్మాయి వచ్చి కంప్యూటర్ దగ్గర ఏదో చూసుకుంది. తర్వాత వాళ్ల నాన్నని పిలిచింది. తర్వాత ఇద్దరూ వెళ్లి నానమ్మని లేపారు. గుసగుసలు. నేను వంకాయ ముచ్చికలు ఎంత జాగ్రత్తగా తీశానంటే, అంత జాగ్రత్తగా ఎవరూ తీసి ఉండరు.

భోజనాల దగ్గర గుమ్మడికాయ దొంగ అని నేను అననే లేదు. అందరూ భుజాలు తడుముకుంటూ కూర్చున్నారు. మావారు కుడి చెయ్యి బల్ల కిందకి దాచి ఎడమ చేత్తో నీళ్లు అందుకున్నారు. గ్లాసు దొర్లింది. అత్తగారు ఎవరూ అడక్కుండానే, "ఏంటోనమ్మాయ్, ఈ మధ్య బిస్కెట్లంటేనే నాకు వెగటు" అన్నారు.

"మంచిదేగా అత్తయ్యా" అన్నాను.

"ఇల్లు బాగా వెలుగ్గా ఉందే" అన్నారు మావారు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"బల్బు పగల్లేదుగా మరి" అన్నాను.

మావారు దొర్లిన గ్లాసు కోసం బల్ల కిందకి దూరారు.

నేను గిన్నెలు తోముతుంటే అమ్మాయి వంటగదిలోకి వచ్చింది. గుడ్డ తీసుకుని, నేను తుడిచిపెట్టిన కంచాన్నే మళ్లీ తుడవడం మొదలుపెట్టింది.

"అమ్మా."

"ఊఁ."

"నీకు తెలుసుగా."

"ఏం తెలుసు?"

"చీటీ కట్టావుగా."

"కట్టాను. తెలుసుకోవడం నా పని, తెలుసుకున్నాను. చెప్పడం నీ పని. అదింకా కాలేదు."

అది కంచం తుడుస్తూనే ఉంది. "చెప్తే వద్దంటావని..."

"అంటాను. అనకపోతే నేను అమ్మనెలా అవుతాను? నేను వద్దంటాను, నువ్వు వెళ్తానంటావు, చివరికి వెళ్తావు. అది నాకూ తెలుసు. కానీ మధ్యలో నాలుగు మాటలు ఉంటాయి కదే. అవి నాకు కావాలి. అవి కూడా ఆ కుప్పలోనే వెతుక్కోమంటే ఎలా?"

అది కంచం పక్కన పెట్టింది. గట్టు ఎక్కి కూర్చుని మొదట్నించీ చెప్పింది. తెలిసిన సంగతే అయినా నేను ప్రతి చోటా "అయ్యో" అన్నాను, "అమ్మో" అన్నాను, గుండె మీద చెయ్యేసుకున్నాను. ఎన్నాళ్లకి దొరికింది నాకిలా నోరారా భయపడే అవకాశం!

"తాడు కింద ఎవరు పట్టుకుంటారు?"

"మాకు నేర్పే టీచరమ్మ."

"ఆవిడకి తుమ్మొస్తే?"

"తుమ్మినా జారదమ్మా. మధ్యలో బిగించే కొక్కెం ఉంటుంది."

"ఆవిడకి పిల్లలున్నారా?"

"తాడుకీ పిల్లలకీ సంబంధమేంటి?"

"పిల్లలున్న మనిషైతే గట్టిగా పట్టుకుంటుంది."

అది నవ్వింది. ఫొటోలో నవ్వే, ఈసారి నా వంటగట్టు మీద.

అప్పుడు ముందుగదిలోంచి మావారు ధైర్యం చెప్పబోయారు. "ఏం భయం లేదే! ఆ తాడు నేను స్వయంగా చూశాను. మా లిఫ్టు తాడంత గట్టిది."

నేను చేతిలో గిన్నెతో అలాగే నిలబడ్డాను. "అంటే, మీరూ వెళ్లారన్నమాట!"

ముందుగదిలో కుర్చీ కిర్రుమంది. ఆ వెనకే అత్తగారి గొంతు వినిపించింది: "నేనూ చూశానమ్మాయ్. పసుపు రంగు. చాలా బాగుంది."

ఆదివారం అమ్మాయి వెళ్లింది. ఎక్కేముందు ఫోన్ చేసింది. దిగాక ఫోన్ చేసింది. మధ్యలో కూడా చేయమన్నాను కానీ చేతులు ఖాళీ ఉండవంది. మోకాలు కాస్త గీరుకుని ఇంటికొచ్చింది. మందు రాస్తూ నేను తిట్టిన తిట్లన్నీ అది ఓపిగ్గా విని, ఆ మోకాలు ఫొటో తీసి, "గాయం", "నేను", "అమ్మ తిట్టింది" అని చీటీలు కట్టింది. నాకెంత గౌరవంగా అనిపించిందో!

కాబట్టి పాఠకులారా, నేను ఇప్పటికీ కుప్ప పక్షమే. అరలు తగలేయండి, చీటీలు కట్టండి, పేరు పెట్టి పిలవండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. పిలిస్తే వచ్చేవి ఎన్ని ఉన్నా, పిలవకుండా వంటగదిలోకి వచ్చి "అమ్మా, ఒక మాట" అనేది ఒకటి ఉంటుంది. దాన్ని ఏ పెట్టెలో కొట్టాలో మా అమ్మాయికి కూడా తెలియదట, అడిగాను.

నిన్న పొద్దున్న టీ తాగుతూ కంప్యూటర్ తెరిచాను. "అమ్మకి చెప్పొద్దు" అన్న చీటీ లేదు! పూర్తిగా తీసేశారు. నా మాటకి ఇంట్లో ఇంత విలువ ఉందా అని కళ్లు చెమ్మగిల్లాయి. చెమ్మగిల్లిన కళ్లతోనే దాని చోట ఉన్న కొత్త చీటీ చదివాను.

"అమ్మకి మెల్లిగా చెప్పాలి."

అందులో అప్పుడే ఒకటి ఉంది.

నేను తెరవలేదు. చెప్పడం వాళ్ల పని అన్నది నేనే కదా! మాట మీద నిలబడాలి. ముగ్గురూ ఇంట్లోనే ఉన్నారు. ముగ్గురూ నడుస్తున్నారు, తింటున్నారు. మావారు ఈలపాట పాడుకుంటున్నారు. అమ్మాయి నా టీలో చక్కెర తనే కలిపి ఇచ్చింది. అత్తగారు నన్ను చూసినప్పుడల్లా నవ్వుతున్నారు, ఎప్పుడూ లేనిది.

మెల్లిగా అంటే ఎంత మెల్లిగానో, మీలో ఎవరికైనా తెలిస్తే కాస్త త్వరగా చెబుతారా?